దామెర్ల రామారావుగారు: విద్యను దాచుకొనని చిత్రకారుడు

ఏటేట మా పాఠశాలా సంచికయందు ఒక ప్రసిద్ధపురుషుని జీవితమును గూర్చి కొన్ని పుటలు వ్రాయుట మాకు వాడుక. ఈ సంవత్సరము చిత్రకారులగు దామెర్ల రామారావుగారిని గూర్చి వ్రాయనెంచితిమి. ఇందుకు కారణము లేకపోలేదు. మా పాఠశాల హాలులో బాలబాలికలు గీచిన బొమ్మల ప్రదర్శన మొకటి జరిగెను. దానికి ముందుదినమున మేము గోడలకు తగిలింపవలసిన చిత్రములను ఏరుచు, పూర్తియై శుభ్రముగానున్న వానినే ఉంచి, చిత్తుకాగితముల నన్నిటిని బల్లక్రిందికి త్రోయించితిమి. ఎనిమిదవ తరగతి బాలుడొకడు, సముద్రపుటొడ్డు పల్లెనుండి వచ్చువాడు, తాను గీచిన పడవబొమ్మతోపాటు, దానికై ముందుగా గీచి తప్పిపోయిన ఆరు కాగితములనుగూడ వరుసగా అంటించి తెచ్చెను. ఆ యారింటిని తీసివేయుమని మేమే చెప్పితిమి. బాలుడు మారుపలుకక తీసివేసెను. కాని వాని ముఖము చిన్నవోయెను. ఆ రాత్రి రామారావుగారి జీవితము మాకు జ్ఞప్తికి వచ్చెను. మేము చేసినది పొరపాటని అప్పుడు తోచెను. ఆ పొరపాటెట్టిదో ఈ చరిత్రమును చదివినవారికి తామే తెలియగలదు.

రామారావుగారు 1897 వ సంవత్సరము మార్చి నెల 8 వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. నెల్లూరివారికి పెన్న యెట్టిదో ఆ పట్టణమువారికి గోదావరి యట్టిది. కాని పెన్నలో పెక్కుమాసములు ఇసుకయే కన్నులకు గానవచ్చును. గోదావరియో, ఎగువను పాపికొండలనడుమ ఇరుకుదారిని వచ్చి, ఆ పట్టణముకడ సముద్రమువలె వెడల్పగును. ఆ నీటివెడల్పును, ఆ కొండల నీలమును, రేవులలో బిందెలు ముంచు స్త్రీల నడకలును ఆ బాలుని కన్నులకు మొదటి పాఠములయ్యెను. ఆ కాలమున ఈ రెండు సీమలును చెన్నపురి రాజధానిలోనివే. మన తీరమున ఇసుకదిబ్బల వెనుక పారు బకింగుహాము కాలువ ఒకప్పుడు ఉత్తరమున కృష్ణా గోదావరుల కాలువలతో కలిసి పడవలకు మార్గమై యుండెను. చెన్నపట్టణమున సరకెక్కించుకొన్న పడవ మన యూళ్లమీదుగా నీటిదారినే గోదావరిసీమకు చేరుచుండెను. కాబట్టి రామారావుగారు మనకు దూరదేశపువారు కారు.

బాల్యమునుండియు వారికి పుస్తకములకంటె పెన్సిలుమీద మక్కువ హెచ్చు. కాని ఆ దినములలో గౌరవకుటుంబమునందు పుట్టిన తెలుగుబాలుడు చిత్రలేఖనమును జీవనవృత్తిగా గ్రహించుట అరుదు. చెన్నపట్టణమున డాక్టరు అలెగ్జాండరు హంటరుగారు 1850 లోనే చిత్రకళాపాఠశాలను స్థాపించియుండిరి. బొంబాయిలో 1857 లో సర్ జంషెట్జీ జీజీభాయి పేరిట మరియొకటి వెలసెను. తెలుగుజిల్లాలలోనో, ఇండ్ల గోడలమీద రవివర్మగారి పటముల అచ్చులు వ్రేలాడుచుండినవే కాని, వానిని చూచి యిట్టివి మేమును వ్రాయగలమాయని అడుగు బాలునకు జవాబు చెప్పగల గురువు దొరకుట దుర్లభము. రామారావుగారికి అట్టి గురువు తన యూరి కళాశాలయందే దొరికెను.

ఆయన ఆస్వాల్డు జెన్నింగ్సు కూల్డ్రేదొరగారు. ఇంగ్లండునుండి వచ్చి 1909 మొదలు 1919 వరకు రాజమహేంద్రవరమున నుండి, అచ్చటి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిరి. ఆయన స్వయముగా చిత్రకారుడు. కథలు వ్రాయుటయందును నేర్పరి. కళాశాలాధికారి యన్నచో గదిలో కూర్చుండి ఉత్తరువులు పంపువాడని లోకులు తలచుచుండిన ఆ కాలమున, ఈయన శిష్యులను వెంటబెట్టుకొని గోదావరిగట్టున తిరుగుచు, తాను బొమ్మ గీయుచుండగా వారిని ప్రక్కన నిలిచి చూడనిచ్చెడివారు. గురువు చేయి మొదటి గీత నెచ్చట పెట్టెనో, ఏ గీతను చెరిపెనో, ఏ రంగును వలదనుకొనెనో శిష్యులు కన్నులార చూచిరి. చిత్రవిద్యలో ఉపన్యాసమువలన కలుగు మేలు కొంచెము. చేయువానిని చూచుటవలన కలుగు మేలు మిక్కిలి. పిదప కవిగను నవలాకారుడుగను చిత్రకారుడుగను ప్రసిద్ధి కెక్కిన అడివి బాపిరాజుగారును, రామారావుగారి ప్రాణమిత్రులగు వరదా వెంకటరత్నముగారును ఈ గురువుగారి ప్రోత్సాహమున వృద్ధికి వచ్చినవారే. కూల్డ్రేదొరగారు శిష్యులకు అజంతా ఎల్లోరా గుహలను గూడ చూపించిరి. వందలయేండ్లనాటి భారతీయ చిత్రకారుల చేతిపనిని ఆంగ్లేయుడగు గురువు తెలుగుబాలురకు చూపుట మాకెంతయు విశేషముగా తోచుచున్నది.

ఈ గురువుగారి ప్రోత్సాహముచేతనే రామారావుగారు 1916 లో బొంబాయి జె. జె. చిత్రకళాశాలయందు ప్రవేశించిరి. ఆ కళాశాలకు మొదట సెసిల్ బర్న్సుగారును, పిదప గ్లాడ్‌స్టన్ సాలమన్‌గారును అధిపతులు. అచ్చటి శిక్షణము కఠినమైనది. మనుష్యుని ఎదుట నిలువబెట్టుకొని, ఎముకల అమరిక, కండల పొంకము, వెలుగునీడల పంపకము చక్కగా గమనించి గీయవలెను. కంటికి కనబడినదానికిని చేతితో గీచినదానికిని భేదమున్నచో మరల గీయవలెను. మన విద్యార్థులు గణితపు లెక్క ఒక్కసారి తప్పినంతనే పలక పారవేయజూతురు. అక్కడివారు ఒక్క చేతివ్రేళ్ల మడతకై దినములు గడిపెడివారు. రామారావుగారు 1920 లో ఈ విద్య ముగించి, అధ్యాపకుల మెప్పు పొంది వెలువడిరి. ఇంతలో వారి గురువుగారు వినికిడి తగ్గుటచే ఉద్యోగము మాని స్వదేశమునకు వెడలిపోయియుండిరి. గురువు నాటిన మొక్కకు ఇక శిష్యుడే నీరు పోసికొనవలసియుండెను.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన సంగతి యొకటి గలదు. ఆ కాలమున మన దేశమున చిత్రకారులకు రెండు దారులు కానవచ్చుచుండెను. ఒకటి ఐరోపావారి పద్ధతి. కన్ను చూచినది చూచినట్లు వ్రాయుట. రెండవది బంగాళదేశమున అవనీంద్రనాథ ఠాకూరుగారు నడిపిన పద్ధతి. పూర్వచిత్రముల రేఖను, పలుచని రంగులను, భావమును ముఖ్యముగా గ్రహించుట. మచిలీపట్టణమున ఆంధ్రజాతీయ కళాశాలయందు ప్రమోదకుమార చటర్జీగారు ఈ రెండవ పద్ధతినే నేర్పుచుండిరి. రామారావుగారు ఈ రెండింటిలో దేనిని నిందింపలేదు. దేనికిని దాసులు కాలేదు. బొంబాయిలో నేర్చిన శరీరజ్ఞానమును విడువక, అజంతాలో చూచిన రేఖాసౌకుమార్యమును దానితో కలిపి, తన యెదుటనున్న మనుష్యులను వ్రాయసాగిరి. వారు గుజరాతు కథియవాడు ప్రాంతములు తిరిగి, అచ్చటి గొల్లస్త్రీల వేషములను నడకలను పుస్తకములలో గీచికొనిరి. ఇంటికి వచ్చి తెలుగుస్త్రీల చీరకట్టును, కొప్పున పూవులు తురుముకొను తీరును, నీళ్లు మోయు భంగిమను అట్లే గమనించిరి. వారి పుష్పాలంకారము, నందిపూజ, సిద్ధార్థ రాగోదయము, ఋష్యశృంగ బంధనము అను చిత్రములందలి జనులు కథలోనివారైనను, మన వీథులలో మనకెదురుపడువారివలెనే సజీవులై యుందురు. గోదావరినిగూర్చియు తూర్పుకనుమలనుగూర్చియు వ్రాసిన ప్రకృతిచిత్రములందు ఆ యూరి గాలియే వీచును.

ఇట్టి చిత్రము ఒక్క దినమున పుట్టదు. మొదట చిన్న పుస్తకములో పెన్సిలుతో త్వరత్వరగా గీచిన గీతలు. కూర్చున్న స్త్రీ యొకతె, త్రిప్పిన మెడ యొకటి, పాత్రను పట్టుకొన్న చేయి యొకటి. పిదప వీనిలో తగినవాని నేర్చి, ఎవరిని ముందు నిలుపవలెనో ఎవరిని వెనుకకు జరుపవలెనో నిర్ణయించి కూర్చుట. ఆ పిమ్మట వెలుగెటనుండి పడవలెనో తలపోసి, కడపట రంగులు. చూచువారికి కనబడునది ఈ కడపటి మెట్టు మాత్రమే. మెట్లన్నియు మరుగుపడి శిఖరమొక్కటే కనబడుటచేత, చూచువారు ఇది దైవదత్తమైన నేర్పు, మాబోటివారికి రాదని నిరాశపడుదురు. ఈ నిరాశను పోగొట్టుట యెట్లు? రామారావుగారి జీవితమున కడపటి కొలదియేండ్లు ఈ ప్రశ్నకు జవాబుగా గడచెను.

బొంబాయినుండి వచ్చిన పిమ్మట వారు పెద్దపట్టణములలో నిలిచియుండినచో ధనికుల రూపపటములు వ్రాసి సుఖముగా జీవించియుందురు. అట్లుచేయక స్వస్థలమునకే తిరిగివచ్చి, 1922, 1923 సంవత్సరముల ప్రాంతమున రాజమహేంద్రవరమున చిత్రకళాపాఠశాల నొకదానిని స్థాపించిరి. తాము బొంబాయిలో నాలుగేండ్లు శ్రమించి సంపాదించినదానిని అంతదూరము పోలేని పిల్లలకు ఇంటిముంగిట నందిచ్చుటయే దాని యుద్దేశము. మిత్రులగు వరదా వెంకటరత్నముగారు ఈ కార్యమున వారికి కుడిభుజమై నిలిచిరి. అంతకంటె విశేషమేమన, రామారావుగారి భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును వారివద్దనే విద్య నేర్చి చిత్రకారిణులైరి. 1920 తరువాతి ఆ యేండ్లలో ఉన్నతపాఠశాల ముఖము చూచిన బాలికలే మన జిల్లాలలో కొలదిమంది. అట్టి కాలమున ఇంటి ఆడవారి చేతికి కుంచె నిచ్చి, వారి చిత్రములను తన చిత్రములతోపాటు లోకమునకు చూపుట ధైర్యవంతుని పని. మా పాఠశాల బాలికలు ఈ రెండు పేళ్లను మనస్సున నిలుపుకొందురుగాక.

విద్యను పంచుట యంత సులభమైనది కాదు. మన ప్రాంతపు సంగతియే చూడుడు. కోస్తాలోని రేవులనుండి అద్దకపు వస్త్రములు ఒకప్పుడు ఓడలమీద దేశాంతరములకు పోయెడివి. పులికాటులో డచ్చివారు కోట కట్టుకొని ఈ వర్తకమే ప్రధానముగా నడిపిరి. శ్రీకాళహస్తిలో కలముతో బట్టలమీద బొమ్మలు వ్రాయువారు నేటికిని గలరు. ఇట్టి పనులలో రంగు కాచు పాకమును, కారము కలుపు కొలతను ఇంటివారికి తప్ప ఇతరులకు చెప్పకుండుట పెక్కుచోట్ల ఆచారమై యుండెను. దానిని మేము నిందింపము. పనిరహస్యమే ఆస్తిగా గలవానికి దానిని వెల్లడించుట యనగా పిల్లల నోటియన్నము పరుల పాలుచేయుటయని భయముండును. కాని యట్టి రహస్యము పెక్కుమార్లు మనుష్యునితోనే మట్టిలో కలిసినదియు నిజమే. పంచినచో కొంత పోవునేమోయను భయ మొకప్రక్కను, పంచకున్నచో అంతయు పోవునను సత్య మొకప్రక్కను త్రాసులో నుండగా, రామారావుగారు పంచుటకే మొగ్గిరి.

వారి కీర్తి ఇంతలో దూరదేశములకు ప్రాకెను. కలకత్తానగరమున జరిగిన ప్రదర్శనమున వారి ఋష్యశృంగ బంధనమునకు రాజప్రతినిధి రీడింగుప్రభువుగారి బహుమానము లభించెను. 1924 లో లండనుకడ వెంబ్లీయందు జరిగిన మహాప్రదర్శనమునకును వారి చిత్రములు పోయెను. ఇట్టి గౌరవము పొందిన పిమ్మట చిన్నపట్టణపు పిల్లలకు గీతలు దిద్దించుట తనకు తక్కువయని తలచువారు లోకమున లేకపోలేదు. రామారావుగారట్లు తలపలేదు. ఆంధ్రదేశమున చిత్రకళ ప్రబలుటకు ఒక పాఠశాలయు, చిత్రకారుల కూటమియు, జనులు వచ్చి చూచు ప్రదర్శనములును మూడును కావలెనని వారికి తెలిసియుండెను. పాఠశాలలో కొందరే నేర్చుకొందురు. ప్రదర్శనమునకో ఊరంతయు వచ్చును. అచ్చట బండివాడును వకీలును ఒకే పటముముందు నిలుతురు. అందొక పిల్లవాని కన్ను మెరసినచో పాఠశాలకు మరియొక శిష్యుడు దొరకినట్లే. చూపుటయు నేర్పుటయు వారికి రెండు పనులు కావు. ఒక్క పనికే రెండు చేతులు.

కాని దైవనిర్ణయము వేరుగా నుండెను. 1925 వ సంవత్సరము ఫిబ్రవరి నెల 6 వ తేదీన రామారావుగారు మశూచికముచే మరణించిరి. అప్పటికి వారికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు; ఇంకొక నెల గడువవలసియుండెను. బొంబాయి విడిచి యైదేండ్లైనను పూర్తికాలేదు. మశూచికమన నేమో నేటి పిల్లలెరుగరు. దానికి టీకాలు వేయు విధానమును ఎడ్వర్డు జెన్నరుగారు 1796 లోనే కనుగొనినను, అది మన దేశమును 1975 లోగాని విడువలేదు. లోకమంతటినుండియు తొలగిపోయెనని 1980 లో ప్రకటింపబడెను. అంతలోగా అది ఎన్ని యిండ్ల దీపముల నార్పెనో! రాజమహేంద్రవరపు ఆ యింట కుంచె పట్టిన చేయి నిలిచిపోయెను. పాఠశాలయో ఇంకను పసిబిడ్డ.

ఇప్పుడు చదువరులు ఒక్క క్షణ మాలోచింపవలెను. రామారావుగారు తమ విద్యను తమయందే దాచుకొని యుండినచో ఆ దినమున ఏమి మిగిలియుండును? కొన్ని పటములు మిగిలియుండును. అవియును నలుగురి యిండ్లకు చెదరి, కొన్నాళ్లకు చెదలపాలై యుండును. అట్లు కాలేదు. వారు పనిచేయుచుండగా చూచినవారు, వారి చేతిదిద్దుబాటు పొందినవారు బ్రదికి యుండిరి. వరదా వెంకటరత్నముగారు మిత్రుని పాఠశాలను తన భుజములమీద వేసికొని పెక్కేండ్లు నడిపిరి. సత్యవాణిగారును బుచ్చికృష్ణమ్మగారును నేర్చిన విద్యను విడువలేదు. మిత్రులును శిష్యులును రామారావుగారి చిత్రములను చెదరనీయక ఒక్కచోట కూర్చి, వారి పేరిట చిత్రశాల నేర్పరచిరి. పిదప ప్రభుత్వము దానిని స్వీకరించి రక్షించుచున్నది. రాజమహేంద్రవరమునకు పోయినవారు దామెర్ల రామారావు స్మారక చిత్రశాలను నేటికిని చూడవచ్చును.

ఆ చిత్రశాలలో తైలవర్ణచిత్రములును నీటిరంగుల చిత్రములును గలవు. వానితోపాటు, మా మనస్సునకు అంతకంటె ప్రియమైనవి, పెన్సిలుతో గీచిన చిత్తుబొమ్మలునుగూడ భద్రపరుపబడియున్నవి. పెద్ద చిత్రమును చూచినవారు చిత్రకారునకు నమస్కరింతురు. చిత్తుబొమ్మను చూచినవారు చిత్రకారుని ప్రక్కన కూర్చుందురు. ఆ గీతలందు వారి తలపోత కనబడును. వెదకిన తీరు కనబడును. కూల్డ్రేదొరగారు గోదావరిగట్టున శిష్యుని ప్రక్కన నిలుపుకొని చూపినదియు ఇదియే. గురువు శిష్యునకు చూపెను; శిష్యుడు ఇల్లాలికిని చెల్లెలికిని మిత్రునకును ఊరి పిల్లలకును చూపెను; వారు మనకు మిగిల్చిరి.

ఇక మా పొరపాటు మాటకు వత్తము. ప్రదర్శనపు దినమున ఉదయమే మేమా బాలుని పిలిచి, బల్లక్రిందనున్న ఆ యారు కాగితములను మా చేతులతోనే తీసి, పడవబొమ్మ క్రింద వరుసగా అంటించితిమి. మధ్యాహ్నము వాని తండ్రి వచ్చెను. ఆయన దినదినము సముద్రముమీదికి పోవువాడు, చదువు కొంచెము. గోడలమీది చక్కని పటములముందు సిగ్గుతో నిలువక ముందుకు సాగిపోవుచుండిన ఆ మనుష్యుడు, కొడుకు చిత్తుకాగితములకడ ఆగిపోయెను. మొదటిదానిలో పడవ ముక్కు మరీ వంగినదనియు, అట్టి పడవ అలను ఎక్కలేదనియు వ్రేలితో చూపెను. మూడవదానిలో కొంత సరిపడినదనెను. ఆరవదానికి వచ్చునప్పటికి తల యాడించెను. తుదకు పూర్తియైన బొమ్మను చూచి, కొడుకు భుజముమీద చేయివేసెను. చుట్టునున్న పిల్లలందరు గుమికూడి ఆయన చెప్పునది వినిరి. ఆ హాలులో ఆ గడియ నిజమైన ఉపాధ్యాయుడు మేము కాము, ఆయనయే. చిత్తుకాగితములు దాచియుండినచో ఆయన మాటాడకయే వెడలిపోయెడివాడు.

కావున విద్యార్థులారా, మీ తప్పుగీతలను చూచి సిగ్గుపడకుడు. వానిని చింపి పారవేయకుడు. మీకు వచ్చినదానిని మీ ప్రక్కవానికి చూపుడు. తలిదండ్రులారా, మీ బిడ్డ తెచ్చిన పూర్తిబొమ్మను మాత్రమే కాక, అది యెట్లయ్యెనో అడిగి తెలిసికొనుడు. మీకు తెలిసిన పని మీరును వారికి చూపుడు. తోడి యుపాధ్యాయులారా, నల్లబల్లమీద మనము చేసిన లెక్క తప్పినయెడల తుడుచుటకు ముందు పిల్లలను చూడనిత్తము. మనుష్యుని ఆయువెంతో ఎవరెరుగుదురు? రామారావుగారికి ఇరువదియెనిమిదేండ్లైనను నిండలేదు. వారు పంచియిచ్చిన విద్యకో నూరేండ్లు దాటినవి.